కెన్యా ఎన్నికల్లో పోరు తెగల మధ్యనా, భూమి కోసమా, అధ్యక్ష పీఠం కోసమా?

కృష్ణాతీరం:
కెన్యా 1963 డిసెంబరు 12న బ్రిటిషు పాలన నుంచి విముక్తి పొందింది. పొరుగున ఉన్న ఉగాండా, ఇథియోపియా, సోమాలియాలలో సైనికాధికారులు ఏళ్ల తరబడి గద్దె మీద కూర్చున్నారు గానీ కెన్యాలో ఆ పరిస్థితి రాలేదు. 1982 ఆగస్టు 1న వైమానిక దళంలోని కొందరు చేసిన తిరుగుబాటు ఆ రోజే అణిగిపోయింది. ఎన్నికలు దాదాపు క్రమం తప్పకుండానే జరుగుతూ వచ్చాయి. అయినప్పటికీ 1992, 1997, 2007, 2017 సంవత్సరాల ఎన్నికల చుట్టూ రక్తం చిందింది. వాటిలో 2007 డిసెంబరు 27 నాటి ఎన్నిక అత్యంత ఘోరమైనది. ఆ తరువాతి రెండు నెలల్లో 1,133 మంది చనిపోయారని ఆ హింసపై విచారణ జరిపిన వాకీ కమిషన్ తేల్చింది. ఇళ్లు విడిచి పారిపోయినవారి సంఖ్య ఆరు లక్షల వరకు ఉంటుందని అంచనా.

అప్పట్లో మన పత్రికల్లో వచ్చిన వార్తలు చాలావరకు దీనిని తెగల మధ్య అనాదిగా ఉన్న వైరంగానే చూపాయి. ఆ వివరణతో నాకు తృప్తి కలగలేదు. ఈ విషయాన్ని చదివినవారు, అక్కడ నివసిస్తున్నవారు తమ అభిప్రాయాలను వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

తుంగభద్ర:
వైరం అనాదిగా ఉన్నదే అయితే, 2007లో ఒకరి ఇళ్లను ఒకరు తగలబెట్టుకున్న కికుయులు, కలెంజిన్లు 2013 మార్చి నాటికి ఒకే కూటమికి ఓటు వేసి ఉహురు కెన్యాటాను అధ్యక్షునిగా, విలియం రూటోను ఉపాధ్యక్షునిగా ఎన్నుకోవడం ఎలా సాధ్యమైంది? అందుకే ముందుగా భూమి సంగతి చూడాలి.

వలస ప్రభుత్వం ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే మధ్య కెన్యాలోను, దానికి పశ్చిమాన రిఫ్ట్ వ్యాలీలోను ఉన్న సారవంతమైన ఎత్తైన భూములను ఐరోపా సేద్యగాళ్లకు కట్టబెట్టింది. 1904, 1911 ఒప్పందాల పేరుతో మాసాయిలను మేత భూముల నుంచి తరలించారు. నంది, కిప్సిగిస్ తదితర సమూహాలు (వీరందరినీ కలిపి ఇప్పుడు కలెంజిన్లు అంటున్నారు) తమ నేలను కోల్పోయాయి. కియాంబు ప్రాంతంలో భూమి పోగొట్టుకున్న కికుయులు అదే రిఫ్ట్ వ్యాలీలోని తెల్లవారి ఎస్టేట్లలో కూలీలుగా, దొర అనుమతితో చిన్న చెక్క సాగు చేసుకునేవారిగా స్థిరపడ్డారు. 1952లో మౌ మౌ తిరుగుబాటు మొదలై బ్రిటిషువారు అత్యవసర పరిస్థితి ప్రకటించడానికి ప్రధాన కారణం ఈ భూమి ఆకలే.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ భూమిని పోగొట్టుకున్నవారికి తిరిగి ఇవ్వలేదు. బ్రిటన్ ఇచ్చిన అప్పుతో ప్రభుత్వం ఎస్టేట్లను కొని, ముక్కలు చేసి అమ్మింది. పది లక్షల ఎకరాల పథకం అలాంటిదే. డబ్బు, పలుకుబడి ఉన్నవారు పెద్ద ఎస్టేట్లను ఉన్నపళంగా సొంతం చేసుకున్నారు. భూమిలేని కికుయులు సహకార సంఘాలు, భూమి కొనుగోలు కంపెనీలు పెట్టుకుని, చందాలు పోగుచేసి రిఫ్ట్ వ్యాలీ పట్టణాలైన నకూరు, ఎల్డొరెట్ చుట్టుపక్కల పొలాలు కొన్నారు. కొన్నవారి చేతిలో పట్టా ఉంది. చుట్టూ ఉన్న కలెంజిన్లకు అది తాతముత్తాతల నేల. ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. ఇద్దరికీ అన్యాయం చేసిన మూడోవాడు మాత్రం లెక్కలోకి రాలేదు.

జాన్ మరీ సెరోనీ అనే నంది నాయకుడు 1969లో నంది కొండల ప్రకటన ద్వారా ఈ భూమి అమ్మకాలను బాహాటంగా ఎదిరించారు. అప్పటి ఉపాధ్యక్షుడు డేనియల్ అరప్ మోయి కూడా కలెంజినే, కానీ ఆయన అప్పటి అధ్యక్షుడు, ఉహురు తండ్రి జోమో కెన్యాటా పక్షానే నిలిచారు. సెరోనీని 1975లో విచారణ లేకుండా నిర్బంధించారు. మోయి 1978లో అధ్యక్షుడయ్యారు. తన తెగ భూమి ప్రయోజనాన్ని పట్టుకున్నవాడు జైలుకు వెళ్లగా, దానిపై మౌనం వహించినవాడు పీఠమెక్కిన ఈ ఉదంతాన్ని తెగ రాజకీయం అనే చట్రంలో ఎలా ఇముడ్చుతారో నాకు తెలియదు.

నిర్మొహమాటం:
తుంగభద్ర గారు రాసిన చరిత్రతో నాకు పేచీ లేదు. కానీ ఓట్ల లెక్కలు వేరే కథ చెబుతున్నాయి. 1992లో బహుళ పార్టీ ఎన్నిక జరిగినప్పుడు మోయి కేవలం 36 శాతం ఓట్లతో గెలిచారు. ఎందుకంటే ప్రతిపక్షం కెన్నెత్ మటీబా, మ్వాయి కిబాకి, ఓగింగా ఒడింగాల మధ్య మూడు ముక్కలైంది. మటీబా, కిబాకి ఇద్దరూ కికుయులు, ఒడింగా లువో. ఎవరి ప్రాంతం వారికే గంపగుత్తగా ఓటు వేసింది. నియంతృత్వాన్ని దించడానికి కలిసి పుట్టిన ఫోర్డ్ పార్టీ ఎన్నిక నాటికే చీలిపోయింది.

2019 జనగణన ప్రకారం దేశ జనాభా 4.76 కోట్లు. కికుయులు 81 లక్షలు, లుహ్యాలు 68 లక్షలు, కలెంజిన్లు 63 లక్షలకు పైగా, లువోలు 50 లక్షలకు పైగా, కాంబాలు 46 లక్షలకు పైగా ఉన్నారు. ఏ ఒక్క తెగా ఒంటరిగా గెలవలేదు, ఏ పెద్ద తెగా ఓటమిని ఒప్పుకోలేదు. ఇది తెగ రాజకీయం కాకపోతే మరేమిటి? నాయకులు కూటములు మారుస్తారు నిజమే, కానీ ఓటర్లు నాయకుని వెంట తెగగానే కదులుతున్నారు కదా.

రాజనీతి విద్యార్థిని:
నిర్మొహమాటం గారి ప్రశ్నను తేలికగా తీసివేయలేము. తెగగా ఓటు వేయడం వాస్తవమే. అయితే అది మొదటి నుంచీ ఉన్నదా, ఎవరైనా అలా తయారు చేశారా అన్నది చూడాలి.

స్వాతంత్ర్య కాలంలో రెండు ప్రధాన పక్షాలుండేవి. జోమో కెన్యాటా నాయకత్వంలోని కాను పార్టీలో కికుయులు, లువోలు కలిసి ఉన్నారు; రొనాల్డ్ ఎన్‌గాలా, మోయిల కాడు పార్టీ చిన్న సమూహాల పక్షాన మాజింబో, అంటే ప్రాంతీయ స్వపరిపాలన కోరింది. 1963 రాజ్యాంగంలో ప్రాంతీయ శాసనసభలు, సెనేట్ ఉండేవి. 1964 నవంబరులో కాడు తనను తాను రద్దు చేసుకుని కానులో కలిసిపోయింది, ఆ మరుసటి నెలలో దేశం గణతంత్రమై అధికారమంతా అధ్యక్షుని చేతికి వచ్చింది. 1966లో సెనేట్‌ను దిగువ సభలో కలిపివేశారు.

ఇక కాను లోపలి పోరు తెగల మీద కాదు, భూమి విధానం మీద. ఓగింగా ఒడింగా, బిల్డాడ్ కగియా పేదలకు భూమి ఉచితంగా పంచాలన్నారు. కగియా కికుయు. జోమో కెన్యాటాతో పాటు, మౌ మౌ కేసులో బ్రిటిషువారు జరిపిన కపెంగూరియా విచారణలో శిక్షపడిన ఆరుగురిలో ఒకరు. వీరికి దన్నుగా నిలిచిన పియో గామా పింటో గోవా మూలాలున్న కెన్యా పౌరుడు. పార్లమెంటు సభ్యునిగా ఉండగానే 1965 ఫిబ్రవరి 24న నైరోబిలో తన ఇంటి వాకిట్లోనే కాల్పులకు బలయ్యారు. 1966లో ఒడింగా, కగియా కేపీయూ పార్టీ పెట్టగానే, పార్టీ మారినవారు మళ్లీ ఎన్నికకు నిలబడాలని చట్టం తెచ్చారు. 29 స్థానాలకు జరిగిన ఆ చిన్న సాధారణ ఎన్నికలో కేపీయూకు తొమ్మిది దక్కాయి. కగియా సొంత ప్రాంతంలోనే ఓడిపోయారు. దానితో ఆ పార్టీ లువోల పార్టీగా మిగిలిపోయింది, అలా మిగిలిపోవడమే ప్రభుత్వానికి కావలసింది.

1969 జులై 5న టామ్ ఎంబోయాను నైరోబి నడివీధిలో కాల్చి చంపారు. ఆయన లువో అయినా ఒడింగాకు ప్రత్యర్థి. తెగల హద్దులు దాటి కార్మిక సంఘాల బలంతో ఎదిగిన నాయకుడు. ఆ హత్య తరువాత అధికారం తమ ఇంటి గడప దాటనివ్వమని కికుయుల చేత కెన్యాటా సొంత ఊరు గాటుండులో సామూహిక ప్రమాణాలు చేయించారు. అక్టోబరు 25న లువోల ప్రధాన పట్టణం కిసుములో కెన్యాటా వచ్చిన ఆసుపత్రి ప్రారంభోత్సవంలో జనం నిరసన తెలపగా భద్రతా దళాలు కాల్పులు జరిపాయి. కొన్ని రోజుల్లోనే కేపీయూపై నిషేధం, ఒడింగా నిర్బంధం. వర్గ ప్రయోజనం పేరుతో తెగలను కలపగలిగినవారిలో ఒకరిని చంపి, ఒకరిని బంధించి, ఒకరిని ఓడించాక జనానికి మిగిలిన ఏకైక గొడుగు తెగే.

నైరోబి నుంచి:
నేను చాలా ఏళ్లుగా ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. మా కార్యాలయంలో కికుయు, లువో, కాంబా, లుహ్యా అందరూ కలిసి భోంచేస్తారు. కానీ ఎన్నికల సంవత్సరంలో జులై వచ్చేసరికి పిల్లలను సొంత ఊళ్లకు పంపడం, పిండి, బియ్యం, వంటనూనె ముందుగా కొని పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను. అది ద్వేషం కాదు, భయం. భయానికి కారణం కూడా స్పష్టమే: ఫలితం ఎవరు ఎక్కడ లెక్కించారో తెలియకపోతే ఓడినవారికి నమ్మకం ఉండదు.

2007లో జరిగింది అదే. పార్లమెంటు స్థానాల్లో ఓగింగా కుమారుడు రైలా ఒడింగా పార్టీ ఓడీఎం ముందంజలో ఉండగా, అధ్యక్ష ఫలితం మూడు రోజులు నిలిచిపోయింది. డిసెంబరు 30న అప్పటి అధ్యక్షుడు కిబాకి సుమారు 2.3 లక్షల ఓట్ల తేడాతో గెలిచారని ప్రకటించి, చీకటి పడే వేళ అధికార నివాసంలోనే హడావుడిగా ప్రమాణం చేయించారు. ఆ ఎన్నికను పరిశీలించడానికి తరువాత ఏర్పడిన క్రీగ్లర్ కమిషన్, లెక్క అంతగా చెడిపోయిందనీ, నిజంగా ఎవరు గెలిచారో తేల్చడం సాధ్యం కాదనీ చెప్పింది.

ఇప్పుడు పద్ధతి మారింది. ప్రతి పోలింగ్ కేంద్రంలో ఓట్లు లెక్కించగానే అధికారి 34ఏ అనే ఫారం నింపుతారు. అభ్యర్థుల ఏజెంట్లు దానిపై సంతకాలు చేస్తారు. ఒక ప్రతిని ఆ కేంద్రం తలుపుకు అంటిస్తారు, ఫొటోను నేరుగా నైరోబికి పంపుతారు. 2022లో 46 వేలకు పైగా కేంద్రాల ఫారాలను ఎన్నికల కమిషన్ అందరికీ కనిపించేలా వెబ్‌సైటులో ఉంచింది. మా వీధి బడిలోని కేంద్రం తలుపు దగ్గర జనం ఫోన్ టార్చి వెలుగులో ఆ కాగితాన్ని ఫొటో తీసుకుని, వెబ్‌సైటులోని దానితో అంకెకు అంకె పోల్చి చూడటం నేను చూశాను. ఆ రాత్రి అక్కడ ఎవరూ ఏ తెగ అని అడగలేదు, ఫారం సరిపోయిందా లేదా అనే అడిగారు.

నిర్మొహమాటం:
మరి 2022లోనూ ఏడుగురు కమిషనర్లలో నలుగురు ఫలితం తమది కాదని బయటికి వచ్చి చెప్పారు కదా. ఫారాలు ఉన్నా గొడవ ఆగలేదు.

నైరోబి నుంచి:
గొడవ అయింది. ఆగస్టు 15న బోమాస్ సభామందిరంలో వేదిక మీదే తోపులాట జరిగింది. రూటోకు 50.49 శాతం, ఒడింగాకు 48.85 శాతం. కానీ వ్యవహారం కోర్టుకు వెళ్లింది. సెప్టెంబరు 5న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఫలితాన్ని ఖరారు చేసింది. 2007తో పోలిస్తే ఊళ్లు కాలలేదు. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు.

రాజనీతి విద్యార్థిని:
కోర్టు ప్రస్తావన వచ్చింది కనుక 2017 గురించి చెప్పాలి. ఆ ఎన్నికకు కొద్ది రోజుల ముందు కమిషన్‌లో సాంకేతిక విభాగాన్ని చూసే అధికారి క్రిస్ ఎంసాండోను చిత్రహింసలు పెట్టి చంపారు. ఉహురు కెన్యాటా గెలిచినట్లు ప్రకటించారు. సెప్టెంబరు 1న ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ మరాగా నేతృత్వంలోని సుప్రీంకోర్టు, నలుగురు న్యాయమూర్తులు అవునని, ఇద్దరు కాదని అనగా, ఆ ఎన్నికను రద్దు చేసింది. సర్వర్లను చూపమన్న కోర్టు ఆదేశాన్ని కమిషన్ పూర్తిగా పాటించకపోవడం కూడా తీర్పులో ఒక కారణం. ఆఫ్రికాలో పదవిలో ఉన్న అధ్యక్షుని విజయాన్ని కోర్టు కొట్టివేయడం అదే మొదటిసారి. అయితే అక్టోబరు 26న జరిగిన మలి ఎన్నికను ఒడింగా బహిష్కరించారు. పోలింగ్ 40 శాతం కూడా దాటలేదు, కెన్యాటాకు 98 శాతం ఓట్లు వచ్చాయి, నాలుగు లువో కౌంటీల్లో పోలింగే జరగలేదు.

తరువాత ఏమైంది? 2018 మార్చి 9న కెన్యాటా, ఒడింగా చేతులు కలిపారు. ఆ కరచాలనం నుంచి పుట్టిన రాజ్యాంగ సవరణ ప్రతిపాదన ప్రధానమంత్రి పదవిని మళ్లీ తెచ్చి, ఎక్కువమంది నాయకులకు కుర్చీలు సమకూర్చాలని చూసింది. 2021లో హైకోర్టు, అప్పీలు కోర్టు, 2022 మార్చిలో సుప్రీంకోర్టు దానిని అడ్డుకున్నాయి. నాయకుల మధ్య రాజీ వేరు, రాజ్యాంగం వేరు అన్న తేడాను కెన్యా న్యాయమూర్తులు నిలబెట్టినంత గట్టిగా ఆ ఖండంలో నిలబెట్టినవారు తక్కువ. నాకు ఈ దేశం మీద ఆశ కలిగేది ఇక్కడే.

కృష్ణాతీరం:
నేను మొదట అడిగిన 2007 హింస గురించి ఇంకొంచెం వివరంగా చెప్పగలరా? అది జనం ఆవేశమా, ఎవరైనా నిర్వహించారా?

తుంగభద్ర:
రెండూ ఉన్నాయి, కానీ నిర్వహించిన పాలు చాలా ఎక్కువ. 1991 అక్టోబరులో నంది జిల్లా మిటెయిటెయి పొలంలో మొదలైన దాడులను గమనించండి. బహుళ పార్టీ వ్యవస్థ కోసం మోయిపై ఒత్తిడి పెరుగుతున్న నెలల్లోనే అవి మొదలయ్యాయి. రిఫ్ట్ వ్యాలీలోని కికుయులను, ప్రతిపక్షానికి ఓటు వేసే అవకాశమున్న ఇతరులను తరిమితే ఓటర్ల జాబితాయే మారిపోతుంది. 1992లో కిలికు నేతృత్వంలోని పార్లమెంటు సంఘం దీనికి వెనుక ఉన్న రాజకీయ నాయకుల పేర్లను బయటపెట్టింది. ఎవరికీ శిక్ష పడలేదు. శిక్ష లేకపోవడం వల్ల 1997లో మొంబాసా దగ్గర లికోనిలో అదే పద్ధతి పునరావృతమైంది.

2008 జనవరి 1న ఎల్డొరెట్ సమీపంలోని కియాంబా చర్చిలో తలదాచుకున్న కికుయులను తలుపులు మూసి తగలబెట్టారు. సుమారు 30 మంది చనిపోయారు, ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. జనవరి చివరిలో నైవాషా, నకూరు పట్టణాల్లో కికుయుల ముంగికి ముఠా లువోలపై, కలెంజిన్లపై ప్రతీకారం తీర్చుకుంది. ఒక విషయాన్ని చాలామంది మరచిపోతారు: మృతుల్లో మూడింట ఒక వంతుకు పైగా తుపాకీ గుండ్లకు బలైనవారు, ఆ తుపాకులు ప్రధానంగా పోలీసులవి. రాజ్యం చేసిన హత్యలను కూడా తెగల గొడవ కింద జమకట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ మధ్యవర్తిత్వంతో ఫిబ్రవరి 28న ఒప్పందం కుదిరింది. కిబాకి అధ్యక్షుడు, ఒడింగా ప్రధాని, 40 మంది మంత్రులు. వాకీ కమిషన్ అనుమానితుల పేర్లను సీలు వేసిన కవరులో అన్నన్‌కు ఇచ్చింది. కేసు హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి చేరి, ఉహురు కెన్యాటా, రూటోలు ఎదురెదురు పక్షాల నిందితులుగా నిలబడ్డారు. 2013లో ఆ ఇద్దరూ కూటమి కట్టడానికి ఈ కేసే సిమెంటులా పనిచేసింది. కెన్యాటాపై అభియోగాలను 2014 డిసెంబరులో ఉపసంహరించుకున్నారు, రూటో కేసు 2016 ఏప్రిల్‌లో ముగిసిపోయింది. కాలిపోయిన చర్చికి బాధ్యులుగా పై స్థాయిలో ఒక్కరికీ శిక్ష లేదు.

నిర్మొహమాటం:
2010 రాజ్యాంగం తరువాత 47 కౌంటీలు వచ్చాయి, ప్రతి కౌంటీకి గవర్నరు, శాసనసభ. అధికారం పంచితే పోటీ తగ్గాలి. అధ్యక్షునిగా గెలవడానికి సగానికి పైగా ఓట్లతో పాటు కనీసం 24 కౌంటీల్లో 25 శాతం రావాలన్న నిబంధన కూడా మంచిదే. మరి ఇంకా ఈ పోరు ఎందుకు?

నైరోబి నుంచి:
కౌంటీలకు రాజ్యాంగం హామీ ఇచ్చింది జాతీయ ఆదాయంలో కనీసం 15 శాతం. పోలీసులు, పెద్ద కాంట్రాక్టులు, పన్నుల అధికారం నైరోబిలోనే ఉన్నాయి. అయినా ఉత్తరాన వజీర్, మండేరా వంటి సోమాలీ ప్రాంతాల్లో కౌంటీలు తెచ్చిన మార్పును నేను తక్కువ చేయను. 1984 ఫిబ్రవరిలో వజీర్‌లోని వగల్లా విమానాశ్రయ మైదానంలో సైన్యం సోమాలీ పురుషులను పోగుచేసి ఊచకోత కోసిన ప్రాంతం అది. అక్కడివారు దక్షిణానికి ప్రయాణమైతే కెన్యాకు వెళుతున్నాం అనేవారని ఇక్కడ అందరూ చెబుతారు. ఇప్పుడు వారికి సొంత గవర్నరు ఉన్నాడు.

ఇక 2024 జూన్ గురించి చెప్పాలి. పన్నులు పెంచే ఆర్థిక బిల్లుకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చిన యువత తమకు తెగ లేదు, నాయకుడు లేడు, పార్టీ లేదు అని నినదించారు. నైరోబి, కిసుములతో పాటు రూటో సొంత ప్రాంతమైన ఎల్డొరెట్‌లో కూడా ఊరేగింపులు జరిగాయి. జూన్ 25న పార్లమెంటు ఆవరణలోకి జనం చొచ్చుకుపోయారు, కాల్పులు జరిగాయి, మరుసటి రోజు రూటో బిల్లును వెనక్కి తీసుకున్నారు. ఆ నిరసనల్లో 60 మంది చనిపోయినట్లు మానవ హక్కుల కమిషన్ నమోదు చేసింది. అప్పుడు పాలకులు చేసినదేమిటి? ఓడీఎం నాయకులను మంత్రివర్గంలోకి తీసుకున్నారు. అక్టోబరులో కికుయు ఉపాధ్యక్షుడు రిగాతి గచాగువాను సెనేట్ పదవీచ్యుతుణ్ని చేసింది. ఓటు వేసిన ప్రాంతాలు ప్రభుత్వంలో వాటాదారులని ఆయన బాహాటంగానే చెప్పినవారు. పిల్లలు తెగ వద్దని వీధిలో చనిపోతుంటే, పెద్దలు తెగల వాటాలను మళ్లీ సర్దుకున్నారు.

రాజనీతి విద్యార్థిని:
నిర్మొహమాటం గారు అడిగినదానికి ఇదే జవాబు అనుకుంటున్నాను. తెగ ఓటు ఉంది, కానీ అది పెరిగేదీ తరిగేదీ పీఠంతో ముడిపడ్డ లాభాన్ని బట్టి.

కృష్ణాతీరం:
రైలా ఒడింగా 2025 అక్టోబరు 15న కేరళలోని కూత్తాట్టుకుళంలో చికిత్స పొందుతూ కన్నుమూశారు. అయిదుసార్లు అధ్యక్ష ఎన్నికలో పోటీ చేసి గెలవని నాయకుడు ఆయన. ఆయన లేని తొలి ఎన్నిక 2027 ఆగస్టులో జరగాలి. ఇప్పుడు దేనిని గమనించాలి?

తుంగభద్ర:
రెండు సంగతులు. మొదటిది ఎన్నికల కమిషన్. 2023 జనవరి నుంచి రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరు కూడా లేకుండా అది ఖాళీగా ఉండిపోయింది. 2025 జులైలోనే కొత్త చైర్మన్, సభ్యులు ప్రమాణం చేశారు. వారు 34ఏ ఫారాలను మళ్లీ అందరికీ తెరిచి ఉంచుతారా అన్నది చూడాలి.

రెండవది భూమి. గతంలో జరిగిన అన్యాయాలను విచారించిన సత్యం, న్యాయం, సయోధ్య కమిషన్ 2013 మేలో తన నివేదికను ఉహురు కెన్యాటాకు సమర్పించింది. ఆయన తండ్రి కాలపు భూ కేటాయింపుల గురించి అందులో ఉన్న భాగాన్ని ఒత్తిడి తెచ్చి మార్పించారని ముగ్గురు విదేశీ కమిషనర్లు తమ అసమ్మతిని బహిరంగంగా ప్రకటించారు. ఆ నివేదికను పార్లమెంటు ఆమోదించి అమలు చేయలేదు. ఎల్డొరెట్ చుట్టుపక్కల చాలా పొలాలకు పట్టా ఒకరి చేతిలో, వారసత్వ వాదన మరొకరి నోట అలాగే ఉన్నాయి. కూటములు కలిసి ఉన్నంతకాలం అక్కడ ప్రశాంతత ఉంటుంది. గచాగువా తొలగింపుతో కికుయు, కలెంజిన్ నాయకుల కూటమి ఇప్పటికే తెగిపోయింది కనుక, 2027లో నా చూపు నైరోబి కంటే ముందు నకూరు, ఎల్డొరెట్ ప్రాంతాల మీద ఉంటుంది.